లోపల రేడియో మోగుతోంది

రేడియో మోగుతోంది కదా, మోగుతున్నంతసేపూ ఏమీ కానట్టే, లోపల అందరూ బాగున్నట్టే అని నాకు నేనే చెప్పుకుంటూ ఈ బల్ల మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా ఈ బల్ల పక్కనుంచి రోజుకి ఎన్నిసార్లు వెళ్ళుంటానో, కూర్చోవడం మాత్రం ఇదే మొదలు. ఇంత గట్టిగా ఉంటుందనీ, వెనక్కి ఆనుకుంటే గోడకున్న స్విచ్చుబోర్డు వీపులో గుచ్చుకుంటుందనీ తెలిసుంటే ఎవరితోనో ఒకరితో పోట్లాడి ఎప్పుడో మార్పించేదాన్ని, పాపం ఎంతమంది భార్యలు, ఎంతమంది కొడుకులు ఇక్కడ కూర్చుని ఈ గుచ్చుడు కూడా తెలియకుండా ఆ తలుపు వంకే చూశారో, నేను తలుపు తోసుకుని బయటికి వస్తే చటుక్కున లేచి నిలబడేవాళ్ళు, నేను నడక ఆపకుండానే "ఇంకాస్తేనండీ, అయిపోవచ్చింది" అనేసి వెళ్ళిపోయేదాన్ని. ఆ మాట ఇప్పుడు ఎవరైనా వచ్చి నాకు చెప్తే బాగుండు. నిజం కాకపోయినా సరే.

పొద్దున పెద్ద డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "ఈరోజు నువ్వు సిస్టర్‌వి కాదమ్మా, పేషెంటు భార్యవి. బయట కూర్చో" అన్నారు. సొంత మనిషి టేబులు మీదుంటే మనం లోపల ఉండకూడదన్నది మా దగ్గర మొదటినుంచీ ఉన్న పద్ధతే, ఆ సంగతి మిగతావాళ్ళకి చెప్పి పంపించేది నేనే, అయినా ఆ మాట నాకు తగిలేసరికి చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే ఆ గదిలో నాకొక చోటుంది. పడుకున్న మనిషి తల దగ్గర చిన్న స్టూలు. గుండె రక్తనాళాలు బాగుచేసే పనంతా మా గదిలో మనిషి మెలకువగా ఉండగానే జరిగిపోతుంది, మణికట్టు దగ్గర ఒక మత్తు సూది, అక్కడినుంచి సన్నటి గొట్టం గుండె దాకా, గొట్టంలోంచి వెంట్రుకంత తీగ, తీగ మీదుగా ఒక బుల్లి బెలూన్, బెలూన్‌ని కరుచుకుని జల్లెడ గొట్టంలాంటి స్టెంటు, ఇన్ని తనలోకి వెళ్తుంటే ఆ మనిషి పైకప్పు చూస్తూ వింటూ ఉంటాడు. వినడమే చిక్కు. కదలకూడదు, చూద్దామంటే ఏమీ కనిపించదు, ఇక చెవులు తప్ప ఏం మిగిలాయి, ఎవరైనా దగ్గినా ఎందుకు దగ్గారా అని ఆలోచిస్తాడు. అందుకే తల దగ్గర ఒకరు కూర్చుని, నుదుటి మీద చెయ్యేసి, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. అది నా పని. నాకు చిన్నప్పుడు వస ఎక్కువ పోశారని మా అమ్మ తిట్టేది, ఆ తిట్టే నా ఉద్యోగం అయింది, ఇక్కడందరూ నన్ను వసపిట్ట అంటారు, పెద్ద డాక్టరుగారు కూడా మరిచిపోయి ఒకసారి పేషెంటు ముందే "మా వసపిట్ట ఏదీ" అనేశారు. ఇప్పుడు నా స్టూలు మీద చిన్న సిస్టర్ కూర్చుని ఉంటుంది, మంచి పిల్లే, చేతులు చల్లగా ఉంటాయి, మాటలు మాత్రం రావు, నోరు తెరిస్తే "బాగున్నారా అంకుల్" అంటుంది, మళ్ళీ కాసేపటికి "బాగున్నారా అంకుల్" అంటుంది. మా ఆయన దానికి ఏం జవాబు చెప్తున్నాడో ఏమో. "బాగా లేకపోతే ఇక్కడికెందుకొస్తానమ్మా" అనే ఉంటాడు.

"ఏమే పిల్లా, ఎంతసేపే ఇంకా" అంది వదిన. నా పక్కనే కూర్చుంది, ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని రెండు చేతులతోనూ పట్టుకుంది, తమ్ముడు బయటికి రాగానే టీ పోసిద్దామని, అప్పుడే టీ తాగనివ్వరని నేను చెప్పినా వినలేదు, వాళ్ళమ్మ పోయాక ఆయన్ని పెంచింది ఈవిడే, ఆయనకి తల నెరిసినా ఈవిడ లెక్కలో ఇంకా చొక్కా గుండీలు పెట్టుకోవడం రానట్టే. "పాట వినబడుతోంది కదా వదినా, అంతా సవ్యంగా జరుగుతోంది" అన్నాను. లోపలి మాటలన్నీ యంత్రాల గదిలో ఒక స్పీకరులోంచి వస్తాయి, ఆ గది తలుపు గడియ పడదు, దాన్ని బాగుచేయించమని నేను చెప్పని మనిషి లేడు, చేయించలేదు, అందుకే మాటలు విడివిడిగా తెలియకపోయినా ఈ బల్ల దాకా పాట సన్నగా వస్తోంది. నయం, చేయించలేదు.

ఆ రేడియో పెట్టించింది కూడా నేనే. ఇంట్లో మూలపడున్నదాన్ని తెచ్చి కిటికీ గట్టు మీద పెడితే పెద్ద డాక్టరుగారు ఇదేమైనా మంగలి షాపా అన్నారు, తర్వాత ఆయనకే అలవాటై, అది లేకపోతే చెయ్యి ఆడదనే దాకా వచ్చారు. అలా అలా అదొక పద్ధతైంది. పని సాఫీగా నడుస్తున్నంతసేపూ పాట ఉంటుంది. తేడా వచ్చిందా, డాక్టరుగారు గొంతు పెంచరు, అయ్యో అనరు, ఇంగ్లీషులో కూడా ఏమీ అనరు, ఈ రోజుల్లో ఇంగ్లీషు ఎవరికి రాదు గనక, మెల్లగా "రేడియో ఆపండి" అంటారు, అంతే, అందరికీ తెలిసిపోతుంది, ఒకరు అలమార దగ్గరికి, ఒకరు మందుల ట్రాలీ దగ్గరికి, పడుకున్నాయన మాత్రం పాట ఆగిందనుకుంటాడు. నేను నుదుటి మీద చెయ్యి ఇంకాస్త నొక్కి, మీకు పిల్లలెంతమందండీ, పెద్దవాడేం చేస్తాడండీ అని అందుకుంటాను. గండం గట్టెక్కాక డాక్టరుగారు "ఆ, పెట్టండి" అంటారు, అప్పుడు మళ్ళీ పాట. గట్టెక్కకుండా పాట మళ్ళీ పెట్టింది మా గదిలో ఒక్కనాడూ లేదు.

ఒకసారి లెక్కల మాస్టారొకాయనకి స్టెంటు జారిపోయింది. అవును, జారిపోతుంది, అరుదే గానీ జరుగుతుంది. రక్తనాళం గోడకి నీళ్ళ కెటిల్‌లో పట్టినట్టు సున్నం పట్టేసి ఉంటే స్టెంటు ఆ ఇరుకులో ముందుకి పోదు, సరే వెనక్కి తీసి ఇంకోటి ప్రయత్నిద్దామని లాగేటప్పుడు దాని అంచు గొట్టం మూతికి పట్టుకుంటుంది, బెలూన్ చేతికొస్తుంది, స్టెంటు అక్కడే గుండె నాళంలో ఏ ఆధారమూ లేకుండా ఉండిపోతుంది. అప్పుడు తీగ ఒక్కటే దిక్కు, తీగ మీద చెయ్యి వదలకూడదు, దాని మీదుగానే ఇంకా చిన్న బెలూన్ పంపి స్టెంటు లోంచి దూర్చి, అవతల ఉబ్బించి, మెల్లగా వెనక్కి లాక్కురావాలి, కాకపోతే ఉచ్చు తీగ వేసి పట్టుకోవాలి, అదీ కాకపోతే ఇంకో స్టెంటుతో దాన్ని గోడకి అదిమి వదిలెయ్యాలి. డాక్టరుగారు రేడియో ఆపమన్నారు. మాస్టారు తల కాస్త తిప్పి "ఏమ్మా, పాట ఆపారే?" అన్నాడు. "ఆ పాడేవాడి గొంతు మా డాక్టరుగారికి పడదండీ" అన్నాను. "నాకూ పడదు" అన్నాడు ఆయన. అలా ఆ గాయకుణ్ణి ఇద్దరం కలిసి తిట్టుకుంటుండగా స్టెంటు బయటికొచ్చింది, రేడియో పెట్టారు, మాస్టారు తర్వాత చాలాకాలం ప్రతి సంవత్సరం మా గదికి వచ్చి నన్ను పలకరించి వెళ్ళేవాడు, ఆ రోజు తను ఎంత దూరం వెళ్ళొచ్చాడో ఆయనకి చివరిదాకా తెలియదు.

ఇదంతా నేను ఇంటికెళ్ళి భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. ఎందుకు చెప్పానూ అంటే, చెప్పకుండా ఎలా ఉంటాను, రోజంతా వాళ్ళకీ వీళ్ళకీ ధైర్యం చెప్పి ఇంటికొస్తే నాకు మిగిలే చెవులు ఆ రెండే కదా. ఆయన కంచంలో వేలితో గీతలు గీస్తూ విన్నాడు, విని "పాపం, మధ్యలో ఆపేస్తే అతనికి అనుమానం రాలేదా?" అన్నాడు. "మనకి తెలుసు కాబట్టి మనకి అనుమానం. తెలియనివాడికి పాట ఆగితే పాట ఆగినట్టే" అన్నాను. ఆయన నవ్వి "బాగుంది సిస్టర్‌గారూ, మీదీ మా పద్ధతే" అన్నాడు. ఇంట్లో నన్ను సిస్టర్‌గారూ అనే పిలుస్తాడు, ఎవరైనా కొత్తవాళ్ళు వింటే తెల్లమొహం వేస్తారు, అయినా మానడు.

మా పద్ధతే అంటే, ఆయన కారు నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళ పక్కసీట్లో కూర్చుంటాడు, తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకుంటుంది, కొత్తవాళ్ళు లారీ మీదికి తీసుకుపోతున్నా ఆయన అరవడు, అరిస్తే వాళ్ళు స్టీరింగు వదిలేస్తారట, మెల్లగా "కొంచెం ఎడమకి రండి" అంటాడు, అంటూ కింద తన కాలు తను నొక్కేస్తాడు. నేను నేర్చుకున్నదీ ఆయన దగ్గరే, అలాగే కదా ఈ సంసారం మొదలైంది. నాకు కారు వచ్చేసరికి ఆయనకి నా వాగుడు అలవాటైపోయింది. నేర్పేటప్పుడు రేడియో కట్టేసి ఉంచేవాడు, శ్రద్ధ పోతుందని. ఒక రోజు, సంత రోడ్డులో అంత రద్దీలోంచీ నేను బండి ఎక్కడా ఆగకుండా తీసుకొచ్చేసరికి ఏమీ అనలేదు, చెయ్యి చాచి రేడియో పెట్టాడు. మెచ్చుకోవడం ఆయనకి రాదు, పాట పెట్టాడంటే ఇక నీకేం భయం లేదని. మా పాపకి నేర్పినప్పుడూ అంతే, అది ఆ రోజు ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి "నాన్న పాట పెట్టాడమ్మా" అంది, పరీక్షలు పాసైనప్పుడు కూడా అంత సంబరం లేదు దాని మొహంలో. ఇంకొకరు నడుపుతుంటే వెనకసీట్లో కూర్చున్నా ఆయన కుడికాలు ఊరుకోదు, లేని బ్రేకు నొక్కుతూనే ఉంటుంది, నిద్రలో కూడా నొక్కుతాడు, ఆ నొక్కుళ్ళకి నేను దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకునేదాన్ని. నొప్పి వస్తోందని ఆ మనిషి నాకు చెప్పలేదు. గుండెల పని చేసే ఇంట్లో గుండె నొప్పి దాచుకున్నాడు, గ్యాసన్నాడు, మెట్లెక్కి మధ్యలో ఆగితే చెప్పు తెగిందన్నాడు, నేనూ వంగి ఆ చెప్పు చూశానే గానీ మొహం చూడలేదు.

పొద్దున లోపలికి తోసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుని "రేడియో ఆపకుండా చూసుకోమను మీవాళ్ళని" అన్నాడు. కన్ను కొట్టాడు కూడా. "ఆపరు లెండి" అన్నాను. అప్పుడు నవ్వాను గానీ తలుపు మూసుకున్నాక తట్టింది, తట్టగానే వచ్చి ఈ బల్ల మీద కూర్చున్నాను, ఇప్పటిదాకా ఈ గదిలో పడుకున్న అన్ని వందలమందిలో రేడియో ఆపండి అన్న మాటకి అర్థం తెలిసినవాడు ఈయనొక్కడే. అందరికీ పాట ఆగితే పాట ఆగినట్టే. ఈయనకి కాదు. మెలకువగా, కదలకుండా, పైకప్పు చూస్తూ, ఇప్పుడు నా ప్రాణం మీదికొచ్చిందని తెలుసుకోవాల్సినవాడు ఆయన, తల దగ్గర నేనుండను, "బాగున్నారా అంకుల్" ఉంటుంది. ఆగకూడదు. ఏమైనా కానీ, పాట ఆగకూడదు. ఇప్పుడేదో పాత పాట వస్తోంది, ఫ్లూటు బాగుంది, దీని తర్వాత ప్రకటనలొస్తాయి, సబ్బుల ప్రకటన అంటే ఆయనకి చిరాకు, వచ్చినా పరవాలేదు, సబ్బులైనా సరే, ఏదో ఒకటి మోగుతూ ఉండాలి, ఎన్ని సబ్బులైనా కొంటాను.

ఆగింది.

ఫ్లూటు మధ్యలో. స్టేషను పోయిందేమో, చిన్న సిస్టర్ చెయ్యి తగిలిందేమో, కరెంటు పోయిందేమో, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. వదిన నా వంక చూసింది. "పాటాపారేమే?" అంది. నా నోరు దానంతటదే తెరుచుకుంది, "అయిపోవచ్చింది వదినా, ఇక సర్దుకుంటారు, అందుకే ఆపారు" అంది, ఎంత చక్కగా అందో, ఒక్క అక్షరం వణకలేదు, నా చెయ్యి వెళ్ళి వదిన చెయ్యి మీద పడింది, "అవునూ, ఆ ఫ్లాస్కు ఎక్కడ కొన్నారు వదినా, వేడి ఆగుతుందా" అని అడుగుతోంది వసపిట్ట. ఆవిడ చెప్తోంది, మూత గట్టిదట, పాతది పగిలితే కొన్నదట. నేను తల ఊపుతున్నాను. చెవులు మాత్రం లోపలే ఉన్నాయి. అలమార తలుపు కీచుమంది, అది మూడో అలమార, ఉచ్చు తీగలుండేది, అంటే జారిపోయింది, ఆయన నాళంలో స్టెంటు జారిపోయింది, ఆ సున్నం దగ్గరే, ఫిలింలో నేనే చూశాను తెల్లగా గీత కట్టినట్టు ఎంత పొడుగున ఉందో, పోనీలే జారితే ఏం, మాస్టారికి జారలేదూ, తీగ ఉందిగా, డాక్టరుగారూ తీగ వదలకండి, చిన్న బెలూన్ పంపండి, తొందరపడకండి, నుదుటి మీద చెయ్యి వెయ్యవే పిల్లా, గట్టిగా వెయ్యి, బాగున్నారా అనకు, కార్ల గురించి అడుగు, ఎవరెవరికి నేర్పారని అడుగు, ఒక పెద్దావిడ రివర్సు గేరులో కూరగాయల బండి మీదికి ఎక్కించిన కథ చెప్పమను, ఆ కథ చెప్తే ఆయన తనని తాను మరిచిపోతాడు, అడగవే. ఆయనకి తెలిసిపోయింది. ఇప్పుడు పైకప్పు వంక చూస్తున్నాడు. కుడికాలు నొక్కుతూ ఉంటాడు.

యంత్రాల గదిలోంచి టెక్నీషియన్ బయటికొచ్చాడు. రోజూ నాతో కలిసి టీ తాగే మనిషి, నా టిఫిను డబ్బాలో అడక్కుండా చెయ్యి పెట్టే మనిషి, నా వంక చూడకుండా ఎదురుగా ఉన్న స్టోరు తాళం తీసి, పొడుగాటి సన్నటి పెట్టె తీసుకుని, నడవనూ లేక పరుగెత్తనూ లేక వెళ్ళిపోయాడు. ఆ పెట్టె నాకు తెలుసు. అందులో ఉండేది మామూలు స్టెంటు కాదు, పైన పొర తొడిగినది, నాళం చిరిగి రక్తం బయటికి కారుతుంటే లోపలినుంచి అతుకు వెయ్యడానికి పెట్టేది. అంటే జారడం ఒక్కటే కాదు, తీసేటప్పుడు గోడ చిరిగింది. చిరిగితే రక్తం గుండె చుట్టూ ఉన్న సంచిలో నిండుతుంది, నిండితే గుండెకి కొట్టుకోవడానికి చోటు చాలదు, ముందు బెలూన్ ఉబ్బించి చిల్లు మూసిపెట్టాలి, ఇంకొకరు రొమ్ము ఎముక కిందనుంచి సూది వేసి ఆ రక్తం తోడెయ్యాలి, ఈలోగా ఆ పొర స్టెంటు ఆ సున్నపు ఇరుకులోంచి దూరాలి, మామూలుదే దూరలేదు, అది ఇంకా లావు. "ఆ అబ్బాయి ఎందుకలా పోతున్నాడే?" అంది వదిన. "భోజనం టైమైంది కదా వదినా, తొందరగా ముగిద్దామని" అన్నాను. దేవుడా, ఈ నోరు ఎవరిచ్చారు నాకు. లేచి ఆ తలుపు తోసుకుని వెళ్ళాలని ఉంది, మోకాళ్ళు లేచాయి, వదిన చెయ్యి వదల్లేదు, ఇప్పుడు నేను వెళ్తే డాక్టరుగారు తల తిప్పి చూస్తారు, ఆ ఒక్క చూపుకి తీగ కదిలితే, కూర్చో, కూర్చోవే, నువ్వు ఈరోజు సిస్టర్‌వి కాదు. ఏవండీ. వినబడుతోందా. నేనిక్కడే ఉన్నాను, గోడకివతలే, స్విచ్చుబోర్డు గుచ్చుకుంటోంది. భయపడకండి. భయపడండి, పరవాలేదు, నేనుండగా ఎప్పుడూ భయపడ్డానని చెప్పలేదు మీరు, ఇప్పుడు పడండి, ఎవరూ చూడరు.

ఎంతసేపో. వదిన ఫ్లాస్కు కథ అయిపోయి వాళ్ళ పక్కింటి కథలోకి వెళ్ళింది. అప్పుడు, ఏ హెచ్చరికా లేకుండా, పాట.

పాట! మళ్ళీ పెట్టారు! నిజంగానే, ఇంకో పాట, జోరుగా ఉన్నది, మామూలుకన్నా గట్టిగా పెట్టారు, సంతోషం పట్టలేక పెంచారు కాబోలు, తలుపు సందులోంచి వరండా అంతా నిండుతోంది. గట్టెక్కారు. గట్టెక్కకుండా మా గదిలో పాట పెట్టరు. నేను వదిన మెడ పట్టుకుని ఏడ్చేశాను, ఆవిడ బెదిరిపోయి "ఏమైందే, ఏమైంది" అంటే "ఏమీ కాలేదు వదినా, ఏమీ కాలేదు, అదిగో పాట" అన్నాను, ఆవిడకేం అర్థమైందో గానీ తనూ ఏడ్చింది, ఇద్దరం ఏడుస్తూ నవ్వుతూ ఉంటే అటుగా పోతున్న వార్డు ఆయా మాకేదో అయిందని నిలబడి చూసింది. ఇంటికెళ్ళాక చెప్తాను ఆయన పని. ఏమన్నారు, గ్యాసా? ఇకనుంచి చెప్పు తెగినా నాకే చెప్పాలి. వెంటనే పాపకి ఫోను చేశాను. తను పొద్దున్నే బయల్దేరింది, ఒక్కతే కారు నడుపుకుంటూ వస్తోంది, బస్సులో రావే అంటే వినలేదు. అది ఎత్తలేదు, బండి నడుపుతూ ఎత్తదు, వాళ్ళ నాన్న శిక్షణ. కాసేపాగి తనే చేసింది, "పక్కకి ఆపానమ్మా, చెప్పు" అంది. "అయిపోయిందే, నాన్నకి పాట పెట్టారు" అన్నాను. అవతల దాని ఊపిరి వినబడింది. "పాట పెట్టారా" అంది, చిన్నప్పటి గొంతుతో. "ఊఁ. నువ్వు కంగారుపడకుండా రా." "వస్తున్నానమ్మా." ఫోను బ్యాగులో వేసి, జుట్టు సర్దుకుని, కొంగుతో మొహం తుడుచుకున్నాను, ఆయన బయటికొచ్చేసరికి ఏడ్చిన మొహంతో ఉంటే ఏడిపిస్తాడు.

పాట తర్వాత పాట, సర్దడానికి ఎంతసేపైనా పడుతుందిలే అనుకుంటుండగా తలుపు తెరుచుకుని పెద్ద డాక్టరుగారొచ్చారు. బరువైన ఆ సీసం ఆప్రాన్ ఇంకా విప్పలేదు, మెడ దగ్గర చెమటకి తడిసిపోయి ఉన్నారు. నేను లేచి నిలబడ్డాను, అందరూ ఎలా నిలబడేవాళ్ళో అలాగే. ఆయన అలవాటు నాకు తెలుసు, మంచి కబురైతే తలుపు దగ్గరే నిలబడి, ఒక చేత్తో తలుపు పట్టుకుని చెప్పేసి వెళ్ళిపోతారు. తలుపు వదిలేశారు. నడిచొచ్చారు. వచ్చి బల్ల మీద నా చోట్లో కూర్చున్నారు, కూర్చుని "కూర్చో అమ్మా" అన్నారు.

"కూర్చోను" అన్నాను. "మీరు లేవండి. లేచి అక్కడ తలుపు దగ్గర నిలబడి చెప్పండి."

ఆయన లేవలేదు. స్టెంటు జారిందన్నారు, దాన్ని పట్టుకున్నామన్నారు, తీసేటప్పుడు నాళం చిరిగిందన్నారు, పొర స్టెంటు అంచు దాకా వెళ్ళి ఆగిపోయిందన్నారు, రెండోది కూడా ప్రయత్నించామన్నారు, సూది వేసి తోడుతూనే ఉన్నామన్నారు, గుండె మళ్ళీ అందుకుంటుందేమోనని చాలాసేపు, చాలాసేపు అంటూ తన అరచేతులు చూసుకున్నారు. అవన్నీ నాకు తెలిసిన మాటలే, ఆయన చెప్పకముందే నాకు తెలిసినవే, కానీ అవి ఒకదాని పక్కన ఒకటి నిలబడడం లేదు, ఎందుకంటే లోపల పాట వస్తోంది, ఇప్పుడు కూడా వస్తోంది, మీరు విన్నారు కదా వదినా, మీరు చెప్పండి.

"మళ్ళీ రేడియో పెట్టారుగా" అన్నాను. తలుపు వంక చెయ్యి చూపించాను. "గట్టెక్కితేనే కదండీ పెడతారు. మీరే కదా పెట్టమనేది. ఎందుకు పెట్టారు? నేను పాపకి ఫోను చేసి చెప్పేశాను. ఎవరు పెట్టమన్నారు?"

"ఆయనే" అన్నారు డాక్టరుగారు. "నేను ఆపమన్నాక ఆయన నా వంక తల తిప్పారమ్మా. అంతా తెలిసినట్టే చూస్తున్నారు. బీపీ పడిపోతోంది, నేను పొర స్టెంటు పెట్టె విప్పుతున్నాను, అప్పుడు పిలిచారు. 'డాక్టరుగారూ, అది పెట్టించండి. బయట మా ఆవిడ వింటూ ఉంటుంది, ఆగితే కంగారుపడుతుంది' అన్నారు. నేను సరేనన్లేదు. 'మీ పని మీరు చేసుకోండి, అది మోగనివ్వండి, కొంచెం గట్టిగా పెట్టండి' అన్నారు. కాదనలేక పెట్టించాను. ఆ తర్వాత ఆయన ఇంకేం మాట్లాడలేదు."

వదిన చేతిలోంచి ఫ్లాస్కు జారి కింద పడి దొర్లుకుంటూ పోయింది. మూత ఊడలేదు.

నన్ను లోపలికి వెళ్ళనిచ్చారు, ఇప్పుడు పద్ధతులేముంటాయి. నా గదే, అయినా కొత్తగా ఉంది, నేలంతా చింపిన పాకెట్లు, ఎవరూ తొక్కకుండా పక్కకి జరిపిన ట్రాలీలు, టెక్నీషియన్ గోడకి మొహం పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని మెడ దాకా కప్పారు. చిన్న సిస్టర్ నా స్టూలు మీదనుంచి లేచి "నేను నుదుటి మీద చెయ్యి తియ్యలేదక్కా" అంది, "ఏం మాట్లాడాలో నాకు రాలేదు, చెయ్యి మాత్రం తియ్యలేదు. అంకుల్ కుడికాలు నొక్కుతూనే ఉన్నారు, ఎందుకో నాకు తెలియలేదు." "బ్రేకు" అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు. నేను స్టూలు మీద కూర్చున్నాను. నుదురు ఇంకా వెచ్చగానే ఉంది. ఎవరడిగారండీ మిమ్మల్ని. అంత నొప్పిలో, అంత భయంలో, నా సంగతి ఎవరు చూడమన్నారు. నేను అరుస్తాననా, స్టీరింగు వదిలేస్తాననా. పక్కసీట్లో కూర్చుని మీ కాలు మీరు నొక్కుకుని, నాకు పాట పెడతారా. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చెప్పారు, నేనున్నాను కదా చూసుకుంటాను అని, ఇదేనా చూసుకోవడం. కిటికీ గట్టు మీద రేడియోలో సబ్బు ప్రకటన వస్తోంది, ఎవరో ఒకావిడ హాయిగా నవ్వుతోంది.

చిన్న సిస్టర్ దాన్ని ఆపుదామని చెయ్యి చాచింది. అప్పుడే నా బ్యాగులో ఫోను మోగింది. పాప. తియ్యకుండా ఉండలేను, తియ్యకపోతే అది ఊరికే ఉండదు, దారింకా చాలా ఉంది దానికి, పెద్ద రోడ్డు, లారీలు, పక్కసీటు ఖాళీ. ఆపవద్దని చిన్న సిస్టర్‌కి తల అడ్డంగా ఊపి, ఫోను తీశాను. సబ్బు అయిపోయి పాట మొదలైంది.

"అమ్మా, టీ తాగుదామని ఆపాను. నువ్విప్పుడు నాన్న దగ్గరున్నావా? పాట వినిపిస్తోంది."

"నాన్న దగ్గరే ఉన్నానమ్మా."

"పడుకున్నాడా?"

"పడుకున్నాడు."

"లేపకులే. నేను నెమ్మదిగానే వస్తున్నాను, అద్దాలు చూసుకుంటూనే వస్తున్నానని చెప్పు, లేకపోతే నేనొచ్చాక క్లాసు పీకుతాడు."

"చెప్తాను. నువ్వు తొందరపడకు. మధ్యలో ఫోను చెయ్యకు, నేరుగా వచ్చెయ్" అన్నాను. ఒక్క అక్షరం కూడా వణకలేదు.

ఫోను పెట్టేసి, రేడియోని అలాగే మోగనిచ్చి, ఆయన చెవి దగ్గరికి వంగాను. పాప అద్దాలు చూసుకుంటూనే వస్తోందట అని చెప్పాను.